అంగం అంచున ముత్యాల్లాంటి గుల్లలు: తీయించాలా? తీయిస్తే ఎట్లా, ఎప్పుడు?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. మిర్యాలగూడ దగ్గరి ఊరు, వయసు 24. మాఘమాసంలో లగ్గం. అంగం మొన అంచు వెంబడి, చుట్టూరా, రెండు వరసల్లో తెల్లటి చిన్న గుల్లలు ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు, ఐదారేండ్లుగా పెరగలేదు, తగ్గలేదు. ఊర్లో ఆర్ఎంపీ చూసి "ఇవి పులిపిర్లు, పూస్తే కాలి రాలిపోతాయి" అని సీసాలో మందు ఇచ్చాడు. అది పూయాలా, హైదరాబాద్ పోయి లేజర్ చేయించుకోవాలా, లగ్గం లోపు మానుతుందా?

తమ్ముడూ, ముందు ఆ సీసా మూత తీయకండి. పులిపిర్లకు వాడే పోడోఫిలిన్, గాఢమైన ఆసిడ్ మందులు మామూలు తోలు మీద పడితే పుండు పడుతుంది. మొన మీది తోలు కాళ్లూ చేతుల తోలు లాంటిది కాదు, పల్చటి పొర. దాని మీద అరికాలి ఆనెల మందు పూసుకున్నా, సున్నం, బట్టల సోడా కలిపి పెట్టుకున్నా గంటలో కాలుతుంది. గుల్ల పోయినా పోకపోయినా మచ్చ మాత్రం మిగులుతుంది. దారం కట్టడం, గోళ్ల కట్టరుతో కత్తిరించడం కూడా అంతే. గుల్ల లోపల సన్నని రక్తనాళాలు ఉంటాయి, అనుకున్నదానికంటే ఎక్కువ రక్తం పోతుంది.

మీరు రాసిన తీరు చూస్తే ఇవి పులిపిర్లు కావు. వైద్యంలో వీటిని పెర్లీ పీనైల్ పాప్యూల్స్ అంటారు, అంటే ముత్యాల్లాంటి గుల్లలు. ఒక్కొక్కటి 1 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అన్నీ దాదాపు ఒకే సైజులో, పూసలు గుచ్చినట్టు వరసగా, మొన అంచు మీదనే ఉంటాయి. వయసుకు వచ్చినప్పుడు మొదలవుతాయి, 20-30 ఏండ్ల మధ్య బాగా కనబడతాయి, వయసు పెరిగేకొద్దీ చాలామందిలో పల్చబడతాయి. సుంతీ కానివాళ్లలో కాస్త ఎక్కువ. ఇవి వైరస్ వల్ల వచ్చేవి కావు. చెడు తిరుగుడు వల్లనో, శుభ్రం లేకపోవడం వల్లనో వచ్చేవి అసలే కావు. భార్యకు అంటుకోవు, పిల్లలు పుట్టడానికి అడ్డం కావు, క్యాన్సర్‌గా మారవు. ముక్కు పక్కన ఒక్కోసారి పుట్టే గట్టి చిన్న గుల్లలో ఎట్లాంటి కణజాలం ఉంటుందో ఇక్కడా అట్లాంటిదే: నార, రక్తనాళాలు.

పులిపిర్ల లెక్క వేరు. ఎచ్పీవీ వైరస్, ముఖ్యంగా 6, 11 రకాలు, వాటికి కారణం. అవి వరసలో ఉండవు. ఒకటి చిన్నది, ఇంకొకటి పెద్దది, పైన గరుకు, పూలగోబీ ముక్కలాగ. వారాల్లో పెరుగుతాయి, కొత్తచోట పుడతాయి, ముందుతోలు మీద, అంగం మొదట్లో, ఆసనం దగ్గర ఎక్కడైనా వస్తాయి. ఐదేండ్లుగా కదలకుండా ఒకే అంచు మీద ఉన్నవాటిని పులిపిర్లనడానికి లేదు. అయినా రాత చూసి చెప్పేది రాతవరకే. కంటితో చూసి ఖాయం చేయాల్సింది చర్మవైద్యుడు.

ఎవరి దగ్గరికి పోవాలంటే, బోర్డు మీద డాక్టరు పేరు పక్కన ఎండీ డీవీఎల్ అనో, డీడీవీఎల్ అనో ఉండాలి. డీవీఎల్ అంటే చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల చదువు. నల్లగొండలో 2019 నుంచి, మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో వచ్చాయి. వాటి దవాఖానల్లో చర్మం ఓపీ అడగండి. చూపించుకోవడానికి మాత్రం హైదరాబాద్ దాకా పోనక్కర లేదు. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం" అని రాసినవాళ్ల జోలికి పోవద్దు. సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటన గోడకెక్కిందంటేనే ఆ మనిషి చట్టం తెలిసిన వైద్యుడు కాడని అర్థం.

డాక్టరు చేసే పరీక్ష ఐదు నిమిషాల పని. డెర్మటోస్కోప్ అనే చేతి భూతద్దంతో పది రెట్లు పెద్దగా చూస్తారు. ముత్యాల గుల్లలైతే గులకరాళ్లు పేర్చినట్టు, ఒక్కొక్క దాని నడుమ చుక్కలాగో కామాలాగో ఎర్రని రక్తనాళంతో కనబడతాయి. పులిపిరి అయితే వేళ్లు విప్పినట్టు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. దీంతోనే దాదాపు తేలిపోతుంది. నిజంగా అనుమానం మిగిలితేనే ముక్క తీసి పరీక్షకు పంపాలి. కొన్నిచోట్ల వెనిగర్ పూసి తెల్లబడితే పులిపిరి అని చెప్తారు. ఆ పరీక్షను నమ్మడానికి లేదు. రాపిడి తగిలిన తోలు, చిన్న వాపు ఉన్న తోలు కూడా తెల్లబడుతుంది.

ఇదే చోట వచ్చే మరికొన్నిటిని వీటితో కలిపి చూడొద్దు. నడుమ సూదిగుంట ఉండి మెరిసే గుల్లలు మొలస్కమ్ అనే వైరస్ గుల్లలు కావచ్చు, అవి అంటుకుంటాయి. రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో కూడా గోకుడు, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే అది గజ్జి. వృషణాల సంచి మీద, అంగం మీద గట్టి గుల్లలు కడుతుంది. దానికి లేజర్ ఎందుకూ పనికిరాదు. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి పూసి పొద్దున కడిగి, వారం తర్వాత మళ్లీ ఒకసారి, ఇంట్లో అందరూ ఒకే రాత్రి వాడాలి. గజ్జి తగ్గినా ఆ గుల్లలు కొన్ని వారాలు ఉంటాయి, దానికి బుగులు పడొద్దు. నొప్పి లేని పుండు, చదునుగా తడిగా ఉన్న బిళ్లలు కనబడితే సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు, వీడీఆర్ఎల్ రక్తపరీక్ష తప్పనిసరి. జిల్లా దవాఖానల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, అక్కడ ఈ పరీక్షలూ మందులూ ఉచితం. మూడు నాలుగు వారాలైనా మానని పుండు ఏ వయసులోనైనా ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఇక తీయించాలా వద్దా. వైద్యపరంగా తీయాల్సిన పని లేదు. చూసిన చర్మవైద్యుల్లో చాలామంది "వదిలేయండి" అనే చెప్తారు, అది మీ బాధను కొట్టిపారేయడం కాదు. ఇది జబ్బు కాదని ఖాయమయ్యాక చాలామందికి తీయించాలన్న కోరికే పోతుంది. అయినా చూసుకున్నప్పుడల్లా మనసు పాడవుతుంటే, లగ్గం తలుచుకుని నిద్ర పట్టకపోతుంటే, తీయించుకోవడం తప్పేమీ కాదు. సరిగ్గా చేస్తే బాగానే పోతాయి. కాకపోతే ఇది అందం కోసం చేసే పని కాబట్టి ఇన్సూరెన్స్ కింద రాదు, ఖర్చు మీదే. ఒక సిట్టింగ్‌కు ఎంత, మొత్తం ఎన్ని సిట్టింగ్‌లు, మళ్లీ చూపించుకోవడానికి విడిగా కట్టాలా అన్నది కాగితం మీద రాయించుకోండి.

పద్ధతుల్లో అందరూ ముందు చెప్పేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. 10,600 నానోమీటర్ల కిరణం, తోలులోని నీటిని ఒక్కసారిగా ఆవిరి చేస్తుంది. గుల్లను పైనుంచి పొరలు పొరలుగా, చుట్టుపక్కల తోలుతో సమం అయ్యేదాకా మాత్రమే తీయాలి. ఇందులో చెయ్యి తిరిగినతనం అంటే ఎక్కడ ఆపాలో తెలియడమే. సమం అయ్యాక కూడా ఇంకో దెబ్బ కొడితే గుంట పడుతుంది. రక్తం కారదు, ఒకటి రెండు సిట్టింగ్‌లలో అయిపోతుంది, తిరిగి రావడం తక్కువ. 2,940 నానోమీటర్ల ఎర్బియం లేజర్ ఇంకా పల్చగా తీస్తుంది, పక్కన కాలడం తక్కువ, అయితే రక్తం కాస్త చెమ్మగిల్లుతుంది. ఈ యంత్రం అన్నిచోట్లా ఉండదు.

నల్లగొండ, పాలమూరు లాంటి పట్టణాల్లో ఎక్కువగా దొరికేది రేడియో ఫ్రీక్వెన్సీ, లేదా ఎలక్ట్రిక్ కాటరీ. సన్నని సూది మొనతో గుల్లను ఒక్కొక్కటిగా మాడుస్తారు. మంచి చేతిలో ఇది లేజర్‌కు ఏమీ తీసిపోదు, ఖర్చు కూడా తక్కువ. "లేజర్ కాదు కదా" అని చిన్నబుచ్చుకోనక్కర లేదు. యంత్రం కంటే చెయ్యి ముఖ్యం. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కరెంటు ఎక్కువ పెట్టి తొందరగా ముగించాలని చూసినప్పుడు. వేడి కిందికి దిగి మచ్చ కడుతుంది.

క్రయో అంటే సున్నాకు కింద 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. మత్తు సూది అక్కర లేదు, తొందరగా అయిపోతుంది. కానీ మన రంగు తోలుకు ఇది నేను ముందు చెప్పే పద్ధతి కాదు. చల్లదనానికి అన్నిటికంటే ముందు చచ్చేవి రంగు కణాలే, సున్నాకు కింద 5 డిగ్రీల దగ్గరే అవి దెబ్బతింటాయి. గుల్ల చావాలంటే అంతకంటే ఎంతో చల్లదనం కావాలి. అందుకే గుల్ల పోయిన చోట తెల్లమచ్చ మిగిలే అవకాశం ఉంది. మన దగ్గర తెల్లమచ్చ అంటే బొల్లి అనే బుగులు. ఒక అనుమానం పోగొట్టుకోబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టు అవుతుంది. పైగా రెండు మూడు సార్లు చేయాల్సి వస్తుంది.

మత్తు గురించి చాలామంది అడగడానికి సిగ్గుపడతారు, అడగాలి. ముందు లిడోకైన్, ప్రిలోకైన్ చెరి 2.5 శాతం ఉన్న క్రీమ్ పూస్తారు. చేతి తోలుకు గంట పట్టే మందు ఇక్కడ 10-15 నిమిషాల్లో పనిచేస్తుంది. త్వరగా పీల్చుకుంటుంది కాబట్టే ఇంటి దగ్గర గంటసేపు పూసుకుని రావొద్దు. కొద్ది గుల్లలకు క్రీమ్ చాలు. చుట్టూరా తీయాలంటే అంగం మొదట్లో 2 శాతం లిగ్నోకైన్ సూది వేస్తారు. ఒక మిల్లీలీటర్లో 20 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి మొత్తం 13 మిల్లీలీటర్లు దాటకూడదు. మామూలుగా 10 లోపే సరిపోతుంది. సూది పడే క్షణం నొప్పి, తర్వాత ఏమీ తెలియదు. ఇంతకుముందు పంటి వైద్యంలో మత్తు సూదికి కళ్లు తిరగడం, దద్దుర్లు రావడం జరిగి ఉంటే ముందే చెప్పండి.

పైలంగా చేసే డాక్టరు మొదటిరోజే అన్నీ తీయరు. నాలుగైదు గుల్లలు ఒక పక్కన తీసి, ఐదారు వారాలు ఆగి, రంగు ఎట్లా వచ్చింది, మచ్చ కట్టిందా అని చూసి అప్పుడు మిగతావి తీస్తారు. ఎవరైనా "ఇవాళే అన్నీ తీసేద్దాం, డబ్బులు కట్టు" అంటే లేచి రండి. మొన కింద ముందుతోలును పట్టి ఉంచే సన్నని తీగ దగ్గర కొందరికి రెండు పక్కలా ఒక్కో చిన్న గుల్ల ఉంటుంది, అవి కూడా సహజమైనవే. అక్కడ ముట్టుకోకపోవడమే మంచిది. రక్తం ఎక్కువ పోతుంది, మానేటప్పుడు తోలు పట్టేసి అంగం గట్టిపడ్డప్పుడు గుంజుతుంది.

పోయేముందు షుగర్ పరీక్ష చేయించుకోండి, మీ వయసులోనైనా సరే. షుగర్ ఉంటే పుండు ఆలస్యంగా మానుతుంది, ముందుతోలు కింద ఫంగస్ పడుతుంది. ముందుతోలు వెనక్కి రాకపోతే, వాపు, తెల్ల పొడి ఉంటే ముందు దాన్ని నయం చేయించి తర్వాత ఇది. ఇంతకుముందు అక్కడ నీటి పొక్కులు గుంపుగా వచ్చి మానిన సంగతి ఉంటే దాచకండి. హెర్పిస్ అనే వైరస్ జబ్బు అయితే లేజర్ వేడికి మళ్లీ లేస్తుంది, ముందే దాని మందు అసైక్లోవిర్ మొదలుపెడతారు. వెంట్రుకలు బ్లేడుతో గీయొద్దు, కత్తెరతో కురచ చేస్తే చాలు.

తర్వాత చేసుకునేదే సగం వైద్యం. రోజుకు రెండుసార్లు, మూత్రం పోసిన తర్వాత కూడా, మంచినీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ గానీ ఉత్త వాజలైన్ గానీ పల్చగా రాయాలి. డెట్టాల్, పసుపు, కొబ్బరినూనె, వేపాకు నీళ్లు వద్దు. మందుల షాపులో అడిగితే చాలామంది చేతిలో పెట్టేది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసిన ట్యూబు. అది అస్సలు రాయొద్దు. మంట తగ్గినట్టే ఉంటుంది, తోలు పల్చబడి పుండు మానదు. ముందుతోలును రోజూ మెల్లగా వెనక్కి తీసి కడిగి, మందు రాసి, వెంటనే ముందుకు తెచ్చేయాలి. తీయకపోతే పచ్చి తోలుకు తోలు అంటుకుంటుంది, వెనక్కి తీసి అట్లనే వదిలేస్తే వాపొచ్చి ఇరుక్కుంటుంది. తెల్లవారుజామున అంగం గట్టిపడటం ఆరోగ్యవంతుల్లో సహజం. మొదటి వారం నొప్పి పుడితే లేచి మూత్రం పోసి రండి, కొద్దిగా నడవండి, తగ్గుతుంది.

పైన పొక్కు కట్టి 7-14 రోజుల్లో రాలుతుంది. దాన్ని గిల్లొద్దు. బండి మీద నల్లగొండ నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్ల ప్రయాణం మొదటి వారం వద్దు, బస్సులో పోవచ్చు. లుంగీ, వదులైన నూలు బట్టలు కట్టుకోండి. వరి పొలంలో బురదలో దిగడం, చెరువు స్నానం పదిరోజులు మానండి. హస్తప్రయోగమైనా, కలయికైనా నాలుగు వారాలు వద్దు. పైకి మానినట్టు కనబడ్డా కింద తోలు గట్టిపడలేదు, చీలుతుంది. మానిన చోట ముందు గులాబీ రంగు, తర్వాత నలుపో తెలుపో వచ్చి, మూడు నుంచి ఆరు నెలల్లో పక్కతోలులో కలుస్తుంది. తెలుపు కొందరిలో మిగిలిపోతుంది, ఇది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

మీ లగ్గం లెక్క చూద్దాం. దసరా ఇప్పుడే పోయింది, మాఘమాసానికి సుమారు నాలుగు నెలలు. ఈ వారంలో చూపించుకుంటే, వచ్చేవారం నాలుగైదు గుల్లలు తీసి చూడొచ్చు. ఆరు వారాలకు, అంటే మార్గశిరంలో, మిగతావి తీస్తే లగ్గానికి రెండు నెలల గడువు మిగులుతుంది. అది సరిపోతుంది. అప్పటికీ కొన్ని మిగిలితే ఇంకో సిట్టింగ్ లగ్గం ముందు ఇరికించకండి, తర్వాత చూసుకోండి. పచ్చి పుండుతో కొత్త కాపురం మొదలుపెట్టడం కంటే నాలుగు గుల్లలతో మొదలుపెట్టడం మేలు.

ఇదే బాధతో చూసేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. అంగం తోలు మీద, ఆడవాళ్ల యోని పెదవుల మీద, తోలు సాగదీస్తే పసుపు రవ్వల్లాగ కనబడేవి ఫోర్డైస్ మచ్చలు. 1896లో ఫోర్డైస్ అనే అమెరికా చర్మవైద్యుడు రాసిపెట్టినందుకు ఆ పేరు. వెంట్రుక లేని నూనె గ్రంథులు, పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఉంటాయి. వీటికి లేజర్ చేయించొద్దని నా సలహా. గ్రంథి లోతుగా ఉంటుంది, పైన కాలిస్తే మళ్లీ వస్తుంది, లోతుగా కాలిస్తే మచ్చ. ఐసోట్రెటినోయిన్ మాత్రలతో తగ్గినా ఆపగానే తిరిగొస్తాయి. పిల్లల కోసం చూసే ఆడవాళ్లు ఆ మాత్ర ముట్టనే కూడదు, కడుపులో బిడ్డకు అంగవైకల్యం వస్తుంది.

వృషణాల సంచి మీద నేరేడుపండు రంగు, ముదురు ఎరుపు చుక్కలు, 2-5 మిల్లీమీటర్లవి, నడివయసులో వచ్చేవి యాంజియోకెరటోమాలు. గోకితే రక్తం బాగా కారుతుంది. శుభ్రమైన బట్టతో మధ్యమధ్య తీసి చూడకుండా పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. పదేపదే కారుతుంటే తీయించడంలో అర్థం ఉంది. మన రంగుకు 1,064 నానోమీటర్ల ఎన్డీయాగ్ లేజర్ గానీ, తక్కువ కరెంటు కాటరీ గానీ సరిపడుతుంది. తీయించేముందు నిలబెట్టి సంచిలో నరాల ఉబ్బు, వరిబీజం ఉన్నాయేమో చూడాలి. ఆ ఒత్తిడి అట్లనే ఉంటే చుక్కలు మళ్లీ పుడతాయి. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టరును అడగాలి. చిన్న వయసులోనే బొడ్డు కింద నుంచి తొడల దాకా గుంపులుగా వచ్చి, అరచేతులు అరికాళ్లు మండుతూ, చెమట పట్టకుండా ఉంటే అది చర్మం సంగతి కాదు. ఫాబ్రీ అనే వంశపారంపర్య జబ్బు కావచ్చు, మూత్రపిండాలు చూపించాలి.

ఆడవాళ్లలో యోని లోపలి పెదవుల మీద ఒకే తీరుగా, మెత్తగా, ఒక్కొక్కటి విడివిడి మొదలుతో ఉండే చిన్న మొలకలు కూడా సహజమైనవే. పులిపిర్లైతే మొదలు దగ్గర కలిసిపోయి గట్టిగా ఉంటాయి. పులిపిర్లని పొరపాటు పడి అమ్మాయిలకు ఆసిడ్ పూసే చోట్లు ఉన్నాయి. వీటికి ఏ మందూ వద్దు.

తీయించుకున్న తర్వాత ఈ ఐదింటిలో ఏది కనబడ్డా పొద్దుటిదాకా ఆగకుండా దవాఖానకు పోండి: పావుగంట నొక్కినా ఆగని రక్తం, వెనక్కి పోయిన ముందుతోలు తిరిగి రాకపోవడం, మూత్రం ఆగిపోవడం, చలిజ్వరం, మూడోరోజు తర్వాత తగ్గాల్సిన వాపు పెరిగి చీము పట్టడం. ముందుతోలు ఇరుక్కుంటే గంటలు లెక్క. మెత్తగా పది నిమిషాలు పిడికిట్లో నొక్కి వాపు దించి ముందుకు తోయడానికి ఒకసారి చూడండి. రాకపోతే బలవంతం చేయకుండా జిల్లా దవాఖాన అత్యవసర విభాగానికి వెళ్లి, "ముందుతోలు ఇరుక్కుంది" అని సిగ్గుపడకుండా మొదటి మాటగా చెప్పండి.